రాగి ఆక్సైడ్ పారదర్శకం ఎలా అవుతుంది? హోల్స్ కోసం సాగుతున్న వెతుకులాట

2022లో తోషిబా కంపెనీ తమ పారదర్శక క్యూప్రస్ ఆక్సైడ్ సోలార్ సెల్ 9.5 శాతం సామర్థ్యాన్ని అందుకుందని ప్రకటించింది. క్యూప్రస్ ఆక్సైడ్ అంటే రాగి ఆక్సైడే. ఈ మాట వినగానే ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. రాగి ఆక్సైడ్ ఎర్రగానో నల్లగానో ఉంటుంది కదా, రాగి చెంబు మీద పేరుకుని చింతపండుతో తోమితే గానీ పోని మకిలి అదే కదా, అది పారదర్శకం ఎలా అవుతుంది? ఇంకాస్త వెతికితే గందరగోళం పెరుగుతుంది. ఒక వ్యాసం రాగి ఆక్సైడ్లను ఫోన్ తెరల్లోని ఇండియంకు ప్రత్యామ్నాయం అంటుంది, ఇంకొకటి సూపర్‌కండక్టర్లు అంటుంది, మూడోది డోపింగ్ చేస్తే, అంటే ఇతర పరమాణువులను కొద్దిగా చేరిస్తే, కరెంటు వేల రెట్లు పెరుగుతుందంటుంది. వీటన్నిటిలోనూ కొంత నిజం ఉంది. కాకపోతే అవన్నీ ఒకే పదార్థం గురించి చెబుతున్నవి కావు.

ఏ రాగి ఆక్సైడ్ గురించి ఈ మాటలు

రాగి పరమాణువు ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు ఒక ఎలక్ట్రాన్‌నైనా కోల్పోతుంది, రెండైనా కోల్పోతుంది. ఈ ఒకటీ రెండూ తేడా మీదే మిగతా కథంతా నడుస్తుంది.

రెండు కోల్పోయినది క్యూప్రిక్ ఆక్సైడ్. నల్లని పొడి. ఒకటే కోల్పోయినది క్యూప్రస్ ఆక్సైడ్. ఎర్రగా ఉంటుంది, గనుల్లో క్యూప్రైట్ అనే ఖనిజంగా దొరుకుతుంది. రాగి రేకును గాలిలో వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చి చల్లారిస్తే లోపల ఎర్రటి క్యూప్రస్ పొర, పైన పలుచగా నల్లటి క్యూప్రిక్ పొర ఏర్పడతాయి. ప్రయోగశాలల్లో ఆ నల్లపొరను ఆమ్లంతో కడిగేసి కింది ఎర్రపొరను వాడుకుంటారు.

మూడో రకంలో రాగి, ఆక్సిజన్‌లతో పాటు ఇంకో లోహం చేరుతుంది. కాపర్ అల్యూమినియం ఆక్సైడ్, కాపర్ క్రోమియం ఆక్సైడ్, స్ట్రాన్షియం కాపర్ ఆక్సైడ్ ఈ కోవలోవి. శాస్త్రవేత్తలు 'పారదర్శక వాహక రాగి ఆక్సైడ్లు' అన్నప్పుడు ఎక్కువగా వీటి గురించే మాట్లాడతారు. వీటిలోనూ రాగి ఒక్క ఎలక్ట్రాన్‌నే కోల్పోయి ఉంటుంది.

1986లో బెడ్నోర్జ్, ముల్లర్ కనిపెట్టి మరుసటి ఏడాదే నోబెల్ అందుకున్న సూపర్‌కండక్టర్లు కూడా రాగి ఆక్సైడ్లే. కానీ వాటిలో రాగి రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయి ఉంటుంది, అవి నల్లగా ఉంటాయి, వాటి భౌతికశాస్త్రమే వేరు. అక్కడా డోపింగ్ అనే మాట వాడతారు కాబట్టి పొరబాటు సహజం. ఇకపై వాటి ఊసు ఎత్తను.

కాంతిని వదలాలి, కరెంటును మోయాలి

ఘనపదార్థంలో ఎలక్ట్రాన్లకు కొన్ని శక్తి స్థాయిలే అందుబాటులో ఉంటాయి. అవి గుంపులుగా చేరి బ్యాండ్లవుతాయి. ఎలక్ట్రాన్లతో నిండిన పై గుంపు వేలెన్స్ బ్యాండ్, దానిపైన ఖాళీగా ఉండేది కండక్షన్ బ్యాండ్, రెంటి మధ్య ఏ స్థాయీ లేని జాగా బ్యాండ్ గ్యాప్. ఆ గ్యాప్‌ను దాటించేంత శక్తి ఉన్న కాంతిని పదార్థం మింగేస్తుంది. అంతకంటే తక్కువ శక్తి ఉన్న కాంతి దాన్ని దాటిపోతుంది.

కాంతి శక్తిని లెక్కగట్టడం తేలిక. 1240ని నానోమీటర్లలోని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. మన కంటికి కనిపించే కాంతి సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ఉంటుంది, అంటే 3.1 నుంచి 1.77 ఎలక్ట్రాన్ వోల్టులు. కాబట్టి గ్యాప్ 3.1 దాటిన పదార్థం కనిపించే కాంతినంతా వదిలేస్తుంది. కాపర్ అల్యూమినియం ఆక్సైడ్ కాంతిని బలంగా మింగడం మొదలుపెట్టేది సుమారు 3.5 దగ్గర, అంటే 354 నానోమీటర్ల అతినీలలోహితంలో. కాబట్టి అది పారదర్శకమే.

క్యూప్రస్ ఆక్సైడ్ గ్యాప్ 2.17. 1240ని 2.17తో భాగిస్తే 571 నానోమీటర్లు. అంతకంటే పొడవైన నారింజ, ఎరుపు, పరారుణ కాంతి దాన్ని దాటిపోతుంది, నీలం ఆగిపోతుంది. తోషిబా 'పారదర్శకం' అన్నది ఈ అర్థంలోనే. క్యూప్రస్ ఆక్సైడ్ సెల్‌ను పైన పెట్టి, దాన్ని దాటి వచ్చిన ఎరుపు, పరారుణ కాంతిని కింద ఉన్న సిలికాన్ సెల్‌తో పట్టుకోవాలన్నది వాళ్ల ఆలోచన. సిలికాన్ గ్యాప్ 1.1 మాత్రమే కాబట్టి ఆ కాంతి దానికి సరిపోతుంది. అంటే ఆ సెల్ పారదర్శకంగా ఉండాల్సింది కిందనున్న సిలికాన్‌కు. మన కంటికి కాదు.

ఇప్పుడు రెండో షరతుకు వద్దాం. గ్యాప్ పెద్దదైతే మామూలు ఉష్ణోగ్రతలో ఎలక్ట్రాన్లేవీ పైకి ఎక్కలేవు, పదార్థం గాజులా కరెంటును ఆపేస్తుంది. లోహాల్లో కరెంటు బాగా పారుతుంది, కాంతి దాటదు. ఈ రెంటినీ ఒకే పదార్థంలో కలపాలంటే పెద్ద గ్యాప్ ఉన్న ఆక్సైడ్‌ను తీసుకుని, ఇతర పరమాణువులను చేర్చి మోసేవాటిని బయటి నుంచి సమకూర్చాలి. దీన్నే డోపింగ్ అంటారు. ఇండియం ఆక్సైడ్‌లో కొన్ని ఇండియం పరమాణువుల చోట తగరం పెడితే ప్రతి తగరమూ ఒక ఎలక్ట్రాన్‌ను అదనంగా ఇస్తుంది. ఫోన్ తెరల్లో ఉండేది అదే.

అసలు ఈ రంగానికి ఆద్యుడు కార్ల్ బేడెకర్ అనే జర్మన్ భౌతికశాస్త్రవేత్త. ప్రయాణ మార్గదర్శక పుస్తకాలకు పేరుపడ్డ బేడెకర్ల కుటుంబం వాడు. 1907లో కాడ్మియం ఆక్సైడ్ పొర పారదర్శకంగా ఉంటూనే కరెంటు మోస్తుందని చూపించాడు. అదే ఏడాది కాపర్ అయొడైడ్ పొరలోనూ వాహకతను చూశాడు. రెండో పరిశీలన ఎంత ముఖ్యమైనదో అర్థం కావడానికి లోకానికి దాదాపు వందేళ్లు పట్టింది.

ఎలక్ట్రాన్లు దొరికాయి, హోల్సే దొరకలేదు

అర్ధవాహకాల్లో కరెంటును మోసేవి రెండు రకాలు. ఎలక్ట్రాన్లు మోస్తే ఎన్-రకం. నిండిన వేలెన్స్ బ్యాండ్‌లో ఒక ఎలక్ట్రాన్ తక్కువైతే ఆ ఖాళీని హోల్ అంటారు, అది మోస్తే పీ-రకం. పెళ్లి భోజనాల బంతిలో ఒక విస్తరి ఖాళీ అయితే పక్కవాడు అటు జరుగుతాడు, వాడి పక్కవాడు వాడి చోటికి జరుగుతాడు. మనుషులు ఒక వైపు జరుగుతుంటే ఖాళీ విస్తరి రెండో వైపు నడుస్తున్నట్టు కనిపిస్తుంది. హోల్ నడక కూడా అలాంటిదే.

డయోడ్, ట్రాన్సిస్టర్ల జంట, సోలార్ సెల్, ఎల్ఈడీ, ఏది చేయాలన్నా రెండు రకాలూ కావాలి. ఇండియం ఆక్సైడ్, జింక్ ఆక్సైడ్, తగరపు ఆక్సైడ్ మూడూ ఎన్-రకమే. పీ-రకం పారదర్శక ఆక్సైడ్ దొరికితేనే అద్దంలాంటి పూర్తి సర్క్యూట్ సాధ్యం.

ఎందుకు దొరకలేదన్నది ఆక్సిజన్ స్వభావంలోనే ఉంది. ఇండియం ఆక్సైడ్ కండక్షన్ బ్యాండ్ ఇండియంలోని 5ఎస్ ఆర్బిటాళ్లతో (ఆర్బిటాల్ అంటే పరమాణువు చుట్టూ ఎలక్ట్రాన్ ఉండే ప్రాంతం) ఏర్పడుతుంది. అవి పెద్దవి, గోళాకారంలో ఉంటాయి, పక్క పరమాణువు ఆర్బిటాళ్లతో బాగా కలిసిపోతాయి, వాటి మీదుగా ఎలక్ట్రాన్ సాఫీగా పరుగెడుతుంది. వేలెన్స్ బ్యాండ్ మాత్రం ఆక్సిజన్ 2పి ఆర్బిటాళ్లది. అవి చిన్నవి, పైగా ఆక్సిజన్ తన ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టుకుంటుంది. అక్కడి నుంచి ఎలక్ట్రాన్‌ను లాగి హోల్‌ను పుట్టించడం కష్టం. కష్టపడి పుట్టించినా ఆ హోల్ ఒక్క ఆక్సిజన్ దగ్గరే చిక్కుపడిపోతుంది.

రాగిని ఎందుకు తెచ్చారు

1997లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన కవజోయె, హొసోనోల బృందం కాపర్ అల్యూమినియం ఆక్సైడ్ పొరలో పీ-రకం వాహకతను 'నేచర్' పత్రికలో ప్రకటించింది. వాహకత సెంటీమీటరుకు సుమారు 1 సీమెన్స్. ఇండియం తగరపు ఆక్సైడ్‌కు ఇది వేలల్లో ఉంటుంది కాబట్టి అంకె చిన్నదే. అంకె వెనకున్న ఆలోచనే అసలు విశేషం.

ఆక్సిజన్ 2పి స్థాయిల పక్కనే, దాదాపు అంతే శక్తిలో ఉండే మరో లోహపు నిండు ఆర్బిటాళ్లను తెచ్చి పెడితే ఏమవుతుంది? దగ్గరి శక్తి ఉన్న రెండు స్థాయిలు కలిస్తే ఒకటి కిందికి దిగుతుంది, ఒకటి పైకి లేస్తుంది. పైకి లేచినదే ఇప్పుడు వేలెన్స్ బ్యాండ్ శిఖరం. అది ఆక్సిజన్ మీదా లోహం మీదా సమంగా పరుచుకుని ఉంటుంది కాబట్టి హోల్ ఒకే ఆక్సిజన్ దగ్గర చిక్కుకోదు. శిఖరం పైకి లేచింది కాబట్టి హోల్ పుట్టించడానికి కావలసిన శక్తి కూడా తగ్గుతుంది.

ఒక్క ఎలక్ట్రాన్ కోల్పోయిన రాగిలో 3డి ఆర్బిటాళ్లు పది ఎలక్ట్రాన్లతో పూర్తిగా నిండి ఉంటాయి, వాటి శక్తి ఆక్సిజన్ 2పికి దగ్గర్లోనే ఉంటుంది. ఈ నిండుదనమే పారదర్శకతకూ పనికొస్తుంది. రైతులు వాడే మైలుతుత్తం నీలంగా కనిపించడానికి కారణం అందులోని రాగికి 3డిలో తొమ్మిదే ఎలక్ట్రాన్లు ఉండడం. ఆ ఒక్క ఖాళీ వల్ల 3డి లోపలే ఎలక్ట్రాన్లు గెంతుతూ కనిపించే కాంతిని మింగుతాయి. పదీ నిండితే ఆ గెంతులకు చోటు లేదు.

అయితే పీ-రకం డోపింగ్ చేయడమంటే ఆ నిండిన చోట ఎలక్ట్రాన్లను తీసేయడమే. అంటే కొన్ని రాగి పరమాణువులను తొమ్మిది ఎలక్ట్రాన్ల స్థితి వైపు నెట్టడమే. రాగిని ఎంచుకోవడానికి కారణమైన 3డి ఆర్బిటాళ్లే డోపింగ్ పెరిగేకొద్దీ రంగును తెస్తాయి. ఈ కుటుంబంలో వాహకతా పారదర్శకతా ఒకదాని మెడ ఒకటి పట్టుకుని ఉండడానికి పెద్ద కారణం ఇదే. చాలా పరిచయ వ్యాసాలు ఈ ఆలోచనలోని మొదటి సగం చెప్పి ఆగిపోతాయి.

ఎరుపును పోగొట్టిన పొరల అమరిక

రాగి మంచిదే అయితే క్యూప్రస్ ఆక్సైడ్‌నే ఎందుకు వాడుకోలేదు? దాని గ్యాప్ 2.17 మాత్రమే. అందులో ప్రతి రాగి అటూ ఇటూ రెండు ఆక్సిజన్లతో సరళరేఖలో ఉంటుంది, ప్రతి ఆక్సిజన్ చుట్టూ నాలుగు రాగులు ఉంటాయి. దాంతో రాగి ఆర్బిటాళ్లు మూడు దిశల్లోనూ ఒకదాన్నొకటి తాకుతూ బ్యాండ్లను వెడల్పు చేస్తాయి, గ్యాప్ కుదించుకుపోతుంది.

కాపర్ అల్యూమినియం ఆక్సైడ్‌ది డెలాఫొసైట్ అమరిక. కాపర్ ఐరన్ ఆక్సైడ్ ఖనిజానికి ఫ్రెంచ్ ఖనిజశాస్త్రవేత్త డెలాఫోస్ గౌరవార్థం 1873లో ఫ్రీడెల్ పెట్టిన పేరది. అల్యూమినియం, ఆక్సిజన్‌ల పొర ఒకటి, దానిపైన పలుచటి రాగి పొర, మళ్లీ అల్యూమినియం పొర. రాగి పొరలను అల్యూమినియం పొరలు విడదీస్తాయి కాబట్టి రాగుల మధ్య తాకిడి తగ్గి గ్యాప్ పెరుగుతుంది. దీనికి మూల్యం కూడా ఉంది. హోల్స్ పొర వెంబడి నడిచినంత బాగా పొరల మధ్య నడవలేవు.

ఇక్కడే ఎన్నో ఏళ్లు కలవరపెట్టిన ఒక వింత ఉంది. సాధారణంగా లోహం బరువెక్కేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది. ఈ కుటుంబంలో ప్రయోగంలో కొలిచిన విలువలు అల్యూమినియానికి సుమారు 3.5, గాలియానికి 3.6, ఇండియానికి 3.9. తిరగబడినట్టు కనిపించే ఈ వరుసకు 2002లో నీ, వెయ్, జాంగ్ సమాధానం చెప్పారు. అసలు గ్యాప్ మామూలుగానే తగ్గుతోంది. కానీ స్ఫటిక సౌష్ఠవం వల్ల ఆ కనిష్ఠ గ్యాప్ దగ్గర కాంతి ఎలక్ట్రాన్‌ను పైకి ఎక్కించలేదు, ఆ మార్గం నిషిద్ధం. అనుమతి ఉన్న మార్గం మరెక్కడో, ఎక్కువ శక్తి దగ్గర ఉంది. ప్రయోగాలు కొలిచింది దాన్నే.

అంటే కాంతితో కొలిచిన గ్యాప్ ఒకటి, అసలు గ్యాప్ ఇంకొకటి. పారదర్శకతకు మొదటిది చాలు. డోపింగ్ లెక్కలకు రెండోది కావాలి. కాపర్ అల్యూమినియం ఆక్సైడ్‌ను ఒక వ్యాసం 3.5 అని, మరొకటి 3.0 అని రాయడానికి ఇలాంటి తేడాలే కారణం. 2009లో ఒంటి స్ఫటికాలపై చేసిన కొలతల్లో నేరుగా దాటే గ్యాప్ 3.47, పరోక్షంగా, అంటే స్ఫటిక కంపనాల సాయంతో, దాటేది 2.97గా తేలాయి.

క్యూప్రస్ ఆక్సైడ్‌లోనూ 2.17 దగ్గర కాంతిని మింగడం నిషిద్ధమే. బలమైన శోషణ 2.6 దాపులకు గానీ మొదలవదు. అందుకే మందపాటి స్ఫటికం ముదురు ఎరుపుగా కనిపిస్తే, అదే పదార్థపు పలుచటి పొర పసుపుగా కనిపిస్తుంది. ఈ నిషేధం పుణ్యాన భౌతికశాస్త్రానికి ఒక అందమైన బహుమతి కూడా దక్కింది. ఎలక్ట్రాన్, హోల్ జంటకట్టి పరమాణువులా ప్రవర్తించే ఎక్సైటాన్లను ఈ స్ఫటికంలో ఇరవై అయిదో స్థాయి దాకా చూడగలిగామని 2014లో జర్మనీలోని డార్ట్‌మండ్ బృందం ప్రకటించింది. వాళ్లు వాడినది నమీబియాలోని సుమెబ్ గని నుంచి వచ్చిన సహజ స్ఫటికం.

సిలికాన్ పాఠం ఇక్కడ చెల్లదు

సిలికాన్‌లో డోపింగ్ సూటిగా ఉంటుంది. బోరాన్ చేర్చామా, ప్రతి బోరానూ దాదాపు ఒక హోల్ ఇచ్చినట్టే. రాగి ఆక్సైడ్లలో హోల్స్‌కు ప్రధాన వనరు మనం చేర్చిన పరమాణువు కాదు, స్ఫటికంలో లేకుండా పోయిన రాగి. పెరిగేటప్పుడే కొన్ని రాగి స్థానాలు ఖాళీగా మిగులుతాయి. ధన ఆవేశం ఉన్న రాగి అయాన్ ఒకటి తక్కువైతే ఆ లెక్క సరిచేయడానికి ఒక హోల్ పుడుతుంది. ఎవరూ డోపింగ్ చేయకుండానే ఇవి పీ-రకంగా ఉండడానికి ఇదే కారణం. స్ఫటికాన్ని ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న వాతావరణంలో పెంచితే ఖాళీలు పెరుగుతాయి. ఆ వాతావరణం మరీ తీవ్రమైతే పదార్థమే నల్లటి క్యూప్రిక్ ఆక్సైడ్‌గా విడిపోతుంది.

పుట్టిన హోల్ ఆ ఖాళీని వదిలి స్వేచ్ఛగా తిరగడానికి ఎంత శక్తి కావాలన్నదే అసలు ప్రశ్న. 2009 నాటి కాపర్ అల్యూమినియం ఆక్సైడ్ ఒంటి స్ఫటిక కొలతల్లో ఆ శక్తి 0.7 ఎలక్ట్రాన్ వోల్టులుగా తేలింది. సిలికాన్‌లో బోరాన్‌కు 0.045 మాత్రమే.

తేడా ఎంతో చూద్దాం. గది ఉష్ణోగ్రతలో ఉష్ణశక్తి 0.026 ఎలక్ట్రాన్ వోల్టులు. స్థూలంగా చెప్పాలంటే, హోల్స్ సంఖ్యను నిర్ణయించేది ఆ బంధన శక్తిని ఈ ఉష్ణశక్తికి రెట్టింపుతో భాగించగా వచ్చే ఘాతం. బోరాన్‌కు అది దాదాపు 0.9. అంటే అడ్డంకి లేనట్టే. బంధన శక్తి 0.2 అయితే ఘాతం 3.9, నూటికి రెండు హోల్స్ విడుదలవుతాయి. 0.7 అయితే ఘాతం 13.5, పది లక్షలకు ఒకటి చొప్పున. ఘన సెంటీమీటరుకు 10²⁰ ఖాళీలు ఉన్నా స్వేచ్ఛగా తిరిగే హోల్స్ 10¹⁴ దాపులే. ఖాళీలను ఇంకో పది రెట్లు పెంచినా పెద్దగా కలిసొచ్చేది లేదు.

మరి పలుచటి పొరల్లో ఇంతకంటే ఎంతో మెరుగైన వాహకత ఎలా వస్తోంది? ఇక్కడ సిద్ధాంతకర్తల్లోనే తేడాలు ఉండేవి. పాత తరహా గణనలు గ్యాప్‌ను అసలుకంటే చాలా తక్కువగా చూపేవి, హోల్ పరుచుకుని ఉంటుందనీ తేలిగ్గా విడుదలవుతుందనీ చెప్పేవి. తర్వాత వచ్చిన, మరింత కచ్చితమైన హైబ్రిడ్ గణన పద్ధతులు హోల్ ఖాళీ పక్కనున్న రాగి మీద కేంద్రీకరిస్తుందనీ, లోతుగా చిక్కుకుంటుందనీ చూపాయి. ఒంటి స్ఫటిక కొలతలకు దగ్గరగా ఉన్నవి ఇవే. పొరల్లో ఖాళీలతో పాటు అల్యూమినియం స్థానంలో చేరిన రాగి, రేణువుల అంచులు, అదనపు ఆక్సిజన్ కూడా కలగలిసి ఉంటాయి. అందుకని ఒకే పేరుతో ఉన్న రెండు నమూనాల వాహకత వందల రెట్లు తేడాగా వస్తే దాన్ని కొలత లోపం అనుకోనక్కర్లేదు.

బయటి పరమాణువుతో డోపింగ్ చేయొచ్చు కదా అంటే, ఆ ప్రయత్నమూ జరిగింది. మూడు ధనావేశాలున్న అల్యూమినియం చోట రెండే ఉన్న మెగ్నీషియం పెడితే ఒక హోల్ రావాలి. కానీ మెగ్నీషియం అయాన్ వ్యాసార్ధం 0.72 ఆంగ్‌స్ట్రామ్, అల్యూమినియానిది 0.535. చోటు చాలదు. క్రోమియానిది 0.615, తేడా తక్కువ. అక్కడా మెగ్నీషియం కొన్ని శాతాలు దాటితే లోపల ఇమడకుండా మెగ్నీషియం క్రోమియం ఆక్సైడ్‌గా విడిపోయి కూర్చుంటుంది. ఇంకో అడ్డంకీ ఉంది. హోల్స్ పెరిగేకొద్దీ వాటిని మింగే లోపాలు పుట్టడానికి స్ఫటికానికి అయ్యే శక్తి ఖర్చు తగ్గుతుంది. మనం ఒకటి చేరిస్తే స్ఫటికం దానికి విరుగుడు తనే తయారుచేసుకుంటుంది.

అల్యూమినియం చోట స్కాండియం వాడిన బృందాలు వేరే దారి పట్టాయి. స్కాండియం పెద్దది కావడం వల్ల రాగి పొరలో రాగుల మధ్య ఎడం పెరుగుతుంది. ఆ సందుల్లోకి ఆక్సిజన్‌ను చొప్పించవచ్చు. వాహకత సెంటీమీటరుకు 30 సీమెన్స్ దాకా పెరిగింది, పొర మాత్రం మసకబారింది.

220 అనే అంకె

2001లో అమెరికాలోని ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీ బృందం, క్రోమియంలో అయిదు శాతం మెగ్నీషియంతో మార్చిన కాపర్ క్రోమియం ఆక్సైడ్ పొరలో సెంటీమీటరుకు 220 సీమెన్స్ వాహకత సాధించింది. రాగి ఆక్సైడ్ డెలాఫొసైట్లలో ఇది చాలాకాలం పెద్ద రికార్డుగా నిలిచింది. పారదర్శకత మాత్రం సగానికంటే తక్కువ.

ఈ అంకెను విప్పి చూద్దాం. వాహకత అంటే హోల్స్ సంఖ్య, వాటి ఆవేశం, వాటి చలనశీలత మూడింటి లబ్ధం. చలనశీలత అంటే వోల్టేజీ ఇచ్చినప్పుడు హోల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్పే అంకె (చదరపు సెంటీమీటర్లు/వోల్టు-సెకను ప్రమాణంలో). ఈ స్ఫటికంలో ఘన సెంటీమీటరుకు సుమారు 2.3×10²² క్రోమియం స్థానాలు ఉంటాయి. అయిదు శాతం అంటే 1.1×10²¹. ప్రతి మెగ్నీషియమూ ఒక స్వేచ్ఛా హోల్ ఇచ్చిందని అత్యాశగా అనుకున్నా, 220 రావడానికి చలనశీలత 1.2 ఉంటే చాలు. ఇండియం తగరపు ఆక్సైడ్‌లో ఎలక్ట్రాన్ల చలనశీలత 40 ప్రాంతంలో ఉంటుంది. అంటే ఈ రికార్డును తెచ్చిపెట్టింది హోల్స్ సంఖ్య. వేగం కాదు.

ఇదే అంకెను తెర తయారుచేసేవాడి దృష్టితో చూస్తే ఇంకోలా కనిపిస్తుంది. 200 నానోమీటర్ల మందం ఉన్న పొరకు చదరపు నిరోధం (పొరలోని ఒక చదరపు ముక్కలో ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు ఉండే నిరోధం) ఇండియం తగరపు ఆక్సైడ్‌లో సుమారు 8 ఓమ్‌లు వస్తుంది. 220 సీమెన్స్ పొరకు 227 ఓమ్‌లు. తొలినాటి కాపర్ అల్యూమినియం ఆక్సైడ్‌కు 50,000 ఓమ్‌లు. ఇండియానికి ప్రత్యామ్నాయం అనే మాట ఇక్కడే తేలిపోతుంది. పైగా ఇండియం తగరపు ఆక్సైడ్ ఎన్-రకం, ఇది పీ-రకం. ఒకదాని పని ఇంకొకటి చేయదు.

హోల్స్ ఎందుకు ఇంత నెమ్మది అన్నదానిపై రెండు వాదాలు ఉన్నాయి. హోల్ చేరిన చోట చుట్టూ ఉన్న పరమాణువులు కాస్త జరిగి దాన్ని బంధిస్తాయనీ, అది వేడి సాయంతో ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతుతుందనీ ఒక వర్గం అంటుంది. ఇలా బందీ అయిన హోల్‌ను పోలరాన్ అంటారు. మెగ్నీషియం చేరిన క్రోమియం పొరల్లో ఉష్ణోగ్రతతో వాహకత మారే తీరు ఈ వాదానికి సరిపోతుంది. పైగా అక్కడ హోల్ రాగి మీద ఉందా, క్రోమియం మీదికీ పాకిందా అన్నది మరో చర్చ. క్రోమియం 3డి స్థాయిలు కూడా వేలెన్స్ బ్యాండ్ శిఖరానికి దగ్గరగా వస్తాయి కాబట్టి ఇది తేలిగ్గా తేలేది కాదు.

రెండో వర్గం ఒంటి స్ఫటికాలను చూపిస్తుంది. కాపర్ అల్యూమినియం ఆక్సైడ్ ఒంటి స్ఫటికంలో చలనశీలత గది ఉష్ణోగ్రతలో 3. వేడెక్కేకొద్దీ అది మారే తీరు స్ఫటిక కంపనాలు అడ్డుపడే మామూలు బ్యాండ్ ప్రవాహంలాగే ఉంది, గెంతులా లేదు. క్యూప్రస్ ఆక్సైడ్‌లోనైతే చలనశీలత 100 దాకా వస్తుంది, కాకపోతే హోల్స్ చాలా తక్కువ. కాబట్టి రాగి వేలెన్స్ బ్యాండ్‌లో పుట్టుకతో లోపమేమీ లేదన్నది వీళ్ల మాట. నాకు రెండో వాదమే బలంగా తోస్తుంది, తక్కువ డోపింగ్ ఉన్న స్ఫటికాల వరకు. భారీగా డోపింగ్ చేసిన పొరలకు దాన్ని అలాగే అన్వయించలేం.

పనికొచ్చే చోట్లు

తెర మొత్తాన్ని పరిచే పొరగా రాగి ఆక్సైడ్లు ఓడిపోయాయనే చెప్పాలి. పలుచటి పొరలో హోల్స్ కొన్ని వందల నానోమీటర్లు అడ్డంగా దాటితే చాలనుకునే చోట కథ వేరు. 2000లోనే హొసోనో బృందం పీ-రకం స్ట్రాన్షియం కాపర్ ఆక్సైడ్‌ను ఎన్-రకం జింక్ ఆక్సైడ్‌తో కలిపి 382 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని వెలువరించే పారదర్శక డయోడ్ చేసింది. కాపర్ ఇండియం ఆక్సైడ్‌ను కాల్షియంతో పీ-రకంగా, తగరంతో ఎన్-రకంగా మార్చవచ్చని ఆ తర్వాత తేలింది. రెండు వైపులా ఒకే పదార్థంతో జంక్షన్ చేయగలగడం ఆక్సైడ్లలో అరుదు. పెరావ్‌స్కైట్ అనే స్ఫటిక అమరిక ఉన్న పదార్థాలతో చేసే సోలార్ సెల్స్‌లో హోల్స్‌ను బయటికి చేర్చే పొరగా కాపర్ గాలియం, కాపర్ క్రోమియం ఆక్సైడ్లను ఇప్పుడు పరీక్షిస్తున్నారు. అక్కడ 50,000 ఓమ్‌ల చదరపు నిరోధం కూడా పెద్ద అడ్డంకి కాదు.

భారత్‌లో కలకత్తాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం 2000 దశకంలో కాపర్ అల్యూమినియం ఆక్సైడ్ పొరలపై విస్తృతంగా పనిచేసింది. అదే కాలంలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగం నుంచి స్పటరింగ్ పద్ధతిలో (అయాన్లతో కొట్టి పరమాణువులను ఎగరగొట్టి పొరగా పేర్చడం) పెంచిన క్యూప్రస్ ఆక్సైడ్ పొరలపై పత్రాలు వచ్చాయి. స్పటరింగ్ గదిలోని పీడనం మారితే రాగి, ఆక్సిజన్‌ల పాళ్లు ఎలా మారతాయో, దాంతో పొర గుణాలు ఎలా మారతాయో చూసే పని అది. ఖాళీలే హోల్స్‌ను ఇచ్చే పదార్థంలో ఆ మీటను ఎంత తిప్పాలో తెలియడం చిన్న విషయం కాదు.

రాగి ఆక్సైడ్లను దాటి వెళ్లాలనే ప్రయత్నాలూ సాగుతున్నాయి. ఆక్సిజన్‌తో పాటు సెలీనియం చేర్చిన లాంతనం కాపర్ ఆక్సీసెలినైడ్‌లో మెగ్నీషియం డోపింగ్‌తో వాహకత 900 సీమెన్స్ దాటింది, గ్యాప్ మాత్రం 2.8 దగ్గరే ఆగింది. 2013లో ఒక బృందం కంప్యూటర్ గణనలతో వేలాది ఆక్సైడ్లను జల్లెడ పట్టి, హోల్స్ తేలిగ్గా కదిలే పదార్థాలను ఏరింది. రాగి లేనివే అందులో ఎక్కువగా తేలాయి. ఈ తరహా వెతుకులాటలో బయటపడిన బేరియం బిస్మత్ టాంటలం ఆక్సైడ్‌ను 2016లో నిజంగానే తయారుచేసి, పొటాషియంతో డోప్ చేశారు. చలనశీలత 30 దాటింది. కానీ అందులో హోల్స్ సంఖ్య చాలా తక్కువ. వాటిని పెంచే డోపింగ్ మార్గం కోసం వెతకడం అక్కడా మళ్లీ మొదలైంది.